కరియకు నేర్పిన అరుపు

నొప్పి అంటే ఏమిటో దానికి చెప్పినవాళ్లు ఎవరున్నారు గనక, పుట్టిన పదో రోజుకే తల్లి పొదుగు నుంచి లాక్కొచ్చి గొర్రెల మధ్యలో పడేస్తే ఎవరు చెబుతారు, గొర్రె చెబుతుందా, గొర్రె చెవి తెగి వేలాడుతున్నా మేత మేస్తూనే ఉంటుంది, అనుకుంటూ నడుస్తోంది బయమ్మ, ముందు ఎనభై గొర్రెలు, వాటి ముందు మొగుడు వీరప్ప, వెనక తను, తన మడమల దగ్గర మూడు నెలల కుక్కపిల్ల కరియ, ఒళ్లంతా నలుపు, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలి, తన భుజం మీది కంబళి అంచు నోట కరుచుకుని వెనక్కి గుంజుతూ గుర్రుమంటూ వస్తోంది, గుంజు నాయనా గుంజు, కంబళి చినిగితే చినిగింది, ఇది నోట్లో ఉన్నంతసేపూ ఇంకోటి నోట్లోకి రాదు, ఈ ఒక్క పూట గట్టెక్కితే చాలు, ఈ పొద్దు నీళ్ల వేళకు దివాకర్ రెడ్డి బోరు కాడికి బావ వస్తానన్నాడు, బావ అంటే వీరప్ప అన్న రామప్ప, మందలో గొర్రెలు ఇద్దరివీ అయినా మాట మాత్రం ఒక్కడిది, వచ్చి కుక్కను చూస్తానన్నాడు, చూడ్డం అంటే ఏమిటో అందరికీ తెలుసు, ఆయన బండికి వెనక గోనెసంచి కూడా కట్టుకునే వస్తాడు, సంచిలో కుక్క, గుట్ట అవతల పాడుబావి, అంతే, అయినా ఆ పందెం మాట పెట్టింది ఆయన కాదు, తనే పెట్టింది, అదే చిత్రం, మొన్న, ఇరవై ఏళ్ల కాపురంలో బావ ఎదుట నోరు తెరిచిన మొదటిసారే పెద్ద మాట అనేసింది, కరియ మల్లా పల్లు పెడితే నువ్వన్నట్టే కానీ బావా, దాన్ని బాయిలో ఎయ్, నేను గూడా మంద ఇడిసి ఇంట్లో కూచుంటా, అంది, అన్నాక తెలిసింది, ఓడితే ఏం పోగొట్టుకుంటుందో చెప్పింది గానీ గెలిస్తే ఏమిస్తావని అడగలేదు, అడిగే అలవాటు ఉంటే గదా.

తప్పు కరియది కాదని బావకు ఎలా చెప్పాలి, గొర్రెపిల్ల చెవి కొరికిన మాట నిజం, ఆటలోనే కొరికింది, అయినా సగం తెగింది, ఈగ వాలింది, పురుగు పట్టింది, తను పసుపూ వేపాకూ నూరి కట్టింది, మడకశిర పశువుల ఆసుపత్రికి పోయి మందు తెచ్చి పోసింది, ఐదో రోజు పిల్ల పోయింది, మూడేళ్లుగా వాన లేదు, చెనక్కాయ చేలలో కట్టె కూడా మిగల్లేదు, బతికిన ప్రతి పిల్లా లెక్కే, బావకు కోపం రావడంలో తప్పు లేదు, తప్పంతా ఆ పాత పద్ధతిలో ఉంది, కుక్కపిల్ల కన్ను తెరవగానే తెచ్చి గొర్రె పాలు పట్టాలట, గొర్రెల మధ్యే పడుకోబెట్టాలట, అప్పుడది మందను తల్లి అనుకుంటుందట, తోడేలు వస్తే తల్లి మీదికి వచ్చినట్టు లేస్తుందట, తాతల నాటి నుంచీ అంతే, ఎవరూ ఎదురడగరు, ఈ కరియను కూడా చిలమత్తూరు అవతల ఎవరో చుట్టాల ఇంటి నుంచి అలాగే టవల్లో చుట్టి తెచ్చాడు బావ, అయితే గొర్రె తల్లి అవుతుంది గానీ కుక్క కాదు గదా, ఆ సంగతి తనకు తెలిసింది మడకశిర బస్టాండులోనే, పిల్ల చెవికి మందు తెచ్చిన రోజున, హోటలు పక్క బూడిద గుంటలో ఒక ఊరకుక్క, ఐదు పిల్లలు, ఒకదాని కాలు ఒకటి కరుస్తోంది, కరిపించుకున్నది కుయ్యిమని ఆకాశం పగిలేటట్టు అరిచి ఆట మానేసి పక్కకు పోయింది, కరిచినది బిత్తరపోయి నిలబడింది, ఏమైంది ఏమైంది అన్నట్టు, కాసేపటికి మెల్లగా వెనకే పోయి మళ్లీ కరిచింది, ఈసారి నెమ్మదిగా, అరుపు రాలేదు, ఆట సాగింది, మళ్లీ గట్టిగా కరిస్తే మళ్లీ అరుపు, మళ్లీ ఆట బందు, అంతే, బడి అక్కడే ఉంది, పంతులూ లేడు, బెత్తమూ లేదు, అది చూస్తూ చూస్తూ ఆమె బస్సు పోగొట్టుకుంది, తర్వాతి బస్సు మధ్యాహ్నం దాకా లేదు, పోతే పోయింది అనుకుని అక్కడే గట్టు మీద కూచుని చూసింది, హోటలాయన ఏమమ్మా కుక్కల్ని కొంటావా ఏంది అని ఎగతాళి చేశాడు, అప్పుడు తెలిసింది ఆమెకు, కరియ ఎంత గట్టిగా కరిచినా గొర్రెపిల్లలు ఊ అనలేదు, నోరు మూసుకుని భరించాయి, అరిచే తోబుట్టువులను మనమే దూరం చేశాం, ఇక దానికి ఎక్కడ ఆగాలో ఎట్లా తెలుస్తుంది.

ఆ సాయంత్రమే మొదలుపెట్టింది, కరియ చేతికి పల్లు పెట్టగానే కుయ్యిమని అరిచింది, నలభై దాటిన ఆడది, కొప్పులో మల్లెలు పెట్టుకునే వయసు దాటినది, చేను మధ్యలో నిలబడి కుక్కపిల్లలాగా కుయ్యిమంటే వీరప్ప పాము కరిచిందని కట్టె తీసుకుని పరుగెత్తుకొచ్చాడు, ఏమీ లేదు పో అంది, మళ్లీ కుయ్యిమంది, ఆయన ఆమె ముఖం వంకా కుక్క వంకా చూసి ఏమీ అనకుండా వెనక్కి పోయాడు, ఏమీ అనకపోవడంలో ఆయన తర్వాతే ఎవరైనా, మర్నాటికి ఊరంతా పాకింది, బావ పెళ్లాం చిన్నక్క అయితే కడుపు పట్టుకుని నవ్వింది, మా బయమ్మకు కుక్క పూనిందమ్మా, చెర్నాకోల పట్టండి అంది, నవ్వుకో, ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అంటారు, అననీ, అరిచి, చెయ్యి వెనక్కి తీసుకుని, వీపు తిప్పుకుని కూచునేది, పది లెక్కపెట్టేంతసేపు కరియ లోకంలో లేనట్టే, అది చుట్టూ తిరిగి ముఖంలో ముఖం పెట్టి చూసేది, మళ్లీ ఆట, మళ్లీ పల్లు, మళ్లీ అరుపు, మొదటి వారం చేతులు రెండూ కంపచెట్లలో దూరి వచ్చినట్టు గీతలు పడ్డాయి, ఆరో రోజున కరియ చిన్నక్క కొంగు పట్టి అర గజం చింపింది, అప్పుడు ఆమెకే ఏడుపొచ్చింది, వదిలేద్దామా అనుకుంది, తెల్లారి మళ్లీ కుయ్యిమంది, తొమ్మిదో రోజున కరియ ఆమె వేలు నోట్లో పెట్టుకుని, పల్లు ఆనించి, ఆగి, పైకి చూసింది, ఇంతేనా అన్నట్టు, ఇంతే నా బంగారూ ఇంతే అంది, ఆ రోజు సంగటి రెండు ముద్దలు తిన్నారు ఇద్దరూ.

అరుపు ఒక్కటే చాలదని కూడా తనే కనిపెట్టింది, బావ చెప్పే పద్ధతి వేరు, కుక్కకు పౌరుషం రావాలంటే పగలంతా గూటానికి కట్టెయ్యాలట, అన్నంలో పచ్చి కారం కలపాలట, పోయేవాడూ వచ్చేవాడూ మూతి మీద కట్టెతో పొడవాలట, అట్లా కట్టేసిన రెండు రోజులూ కరియ చేసిన పని ఏమిటంటే తాడు కొరికింది, గూటం కొరికింది, నేల తవ్వింది, చివరికి తన కాలు తనే కొరుక్కుంది, పని లేనిది పళ్లకు పని చెప్పుకుంటుంది, మనుషుల్లో చూడ్డం లేదా, వాన రాని ఏడు రచ్చకట్ట మీద కూచున్న మగవాళ్లు ఒకరినొకరు ఎట్లా కరుచుకుంటారో, అందుకని తాడు విప్పేసింది, సంగటి ముద్దను ఒక్కచోట పెట్టకుండా ఎనిమిది ముక్కలు చేసి ఎనిమిది రాళ్ల కింద దాచింది, పోయి వెతుక్కో, మొదట్లో అది రాళ్ల వంక చూసి ఏడ్చింది, తర్వాత ముక్కుతో నేల గీస్తూ గంటసేపు తిరిగి అన్నీ పట్టి, అలిసిపోయి, ఆమె చెప్పు మీద తల పెట్టి నిద్రపోయింది, మూడు టెంకాయ చిప్పలు బోర్లించి ఒకదాని కింద ముక్క పెట్టేది, తెగిన మోకుకు ముళ్లు వేసి ఇచ్చేది, పాత టైరు చెప్పు ఒకటి దాని సొత్తు, కొరుకు, అది నీది, ఇది నాది, గొర్రె చెవి గొర్రెది, ముసలి పొట్టేలు మెడలో గంట విప్పి పొదలో పెట్టి కరియా గంట యాడుండాది అంటే పోయి పొద దగ్గర నిలబడి తోక ఊపేది, ఒకరోజు సాయంత్రం మంద దొడ్డికి చేరాక అది ఒక్కటే వెనక్కి పరుగెత్తింది, పిలిస్తే రాదు, తిట్టుకుంటూ పోయి చూస్తే బండ నీడలో నిద్రపోయిన గొర్రెపిల్ల ఒకటి, వారం కిందట పుట్టినది, దాని పక్కన కరియ, నోరు పెట్టలేదు, నిలబడి మొరుగుతోంది, అంతే, ఆ పిల్లను ఎత్తుకుని వచ్చి బావతో చెబితే నువ్వు చూసినావు, నేను చూసినానా, అన్నాడు, కరవని కుక్కను తోడేలుకు మాంసం ముక్క మాదిరి పెట్టాల్సిందే అన్నాడు, కరవనిది కాదు బావా, ఎవరిని కరవాలో తెలిసినది, అని ఆ రోజు అనలేకపోయింది, గొంతు దాకా వచ్చింది, మింగింది.

మింగడం అలవాటు, ఆ అలవాటుకు పేరు కూడా ఉంది, మంచి కోడలు, కాపురానికి వచ్చిన కొత్తలో అత్త ఊరంతా చెప్పుకునేది, మా చిన్న కోడలు గొర్రె అంటే గొర్రె, నోట్లో నాలుక లేదు, అని, గొర్రెలు కాసుకునే ఇంట్లో అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఏముంటుంది, ఆ మాటను నగలాగా పెట్టుకుని తిరిగింది ఇన్నేళ్లూ, బొచ్చు కత్తిరించేటప్పుడు చూసింది ఎన్నోసార్లు, కత్తెర జారి తోలు తెగుతుంది, ఎర్రగా కండ కనబడుతుంది, గొర్రె కదలదు, కన్ను కూడా ఆర్పదు, మంచి గొర్రె అంటారు, ఆ మంచితనం ఏమిటో ఆమె మోకాలి కింద ఎముకకు తెలుసు, పెళ్లయిన రెండో ఏడు, మందలో ఒక పిల్ల తప్పిపోయిందని, సాయంకాలం, దొడ్డి గుమ్మంలో, బావ చేతిలో కట్టె విసిరాడు, కాలి ఎముక మీద తగిలింది, కళ్లు బైర్లు కమ్మాయి, కంబళి అంచు నోట్లో కుక్కుకుని నిలబడింది, శబ్దం రాలేదు, వీరప్ప పక్కనే ఉన్నాడు, నేల చూశాడు, నెల రోజులు కుంటింది, ఏమైందని ఎవరన్నా అడిగితే రాయి తగిలింది అంది, తర్వాత కూడా తగిలాయి, భుజానికి ఒకటి, వీపుకు ఒకటి, పెద్దవి కావు, విసురులో తగిలినవి, బావ మనసు చెడ్డది కాదు, అట్లా అనుకునేది, ఇరవై రోజులుగా కరియతో ఉండి ఉండి ఇంకో మాట కూడా అనుకుంటోంది, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఏడో ఏట నుంచీ గొర్రెల వెంబడే తిరిగినవాడు, ఆయన కట్టె తగిలినప్పుడు ఊ అన్నవాళ్లు లేరు, గొర్రె అనలేదు, తమ్ముడు అనలేదు, చిన్నక్క అనలేదు, తను అనలేదు, తన చేతి బరువు ఎంతో ఆయనకు తెలియదు, కరియకు తెలియనట్టే, ఎవరైనా చెప్పి ఉంటే తెలిసేదేమో, ఆ ఆలోచన ఆమెకు నచ్చింది, దాన్ని పట్టుకుంటే బావ మీద కోపం కొంచెం చల్లారేది, కోపం చల్లారితే నిద్ర పట్టేది.

మళ్లీ ఇంట్లో కూచోవడం అంటే, వద్దు, చావనైనా చస్తుంది గానీ ఆ వసారాలో కూచుని అందరితో పాటు చెనక్కాయలు ఒలవదు, నాలుగేళ్ల కిందట జీతగాడు బెంగళూరు పనికి పోయాడని, ఇంకొకడు దొరికేదాకా అని ఆమెను మంద వెంట పంపారు, దొరికినా ఆమె దిగలేదు, ఎండ తలను పగలగొడుతుంది, కాళ్లు పగుళ్లు తేలాయి, అయినా ఈ గుట్టల మధ్య గట్టిగా మాట్లాడుకుంటే అడిగేవాడు లేడు, పాడుకుంటే ఆపేవాడు లేడు, తన గొంతు ఎట్లా ఉంటుందో తను విన్నది ఇక్కడే, ఇది పోతే ఇక ఏముంది, కరియ బతుకూ తన బతుకూ ఒక్క కట్టకు కట్టింది నిజమే, కట్టినందుకు భయమేసింది, ఇప్పుడు భయం కూడా పోయింది, అదిగో బోరు, తొట్టి, తొట్టి చుట్టూ తడి నేల, పదకొండుకు కరెంటు వస్తుంది, దివాకర్ రెడ్డి చేలో వారం రోజులు మంద పెడితే ఆయనకు పెంటికల ఎరువు, వీళ్లకు నీళ్లు, అదీ ఒప్పందం, దివాకర్ మోటారు గది దగ్గర నిలబడి ఉన్నాడు, ఇద్దరు కూలీలు బీడీ తాగుతున్నారు, కానుగ చెట్టు కింద టీవీఎస్ బండి, బండికి గోనెసంచి, అనుకున్నట్టే, పక్కన బావ, చంకలో కట్టె, తెల్ల పంచె, రా రా అనలేదు, ఏదీ నీ కుక్క, అన్నాడు.

నీళ్లు తొట్టిలో పడుతున్నాయి, గొర్రెలు ఎగబడ్డాయి, బావ రెండు గొర్రెపిల్లల్ని చెవులు పట్టి లాక్కొచ్చి కరియ ముందు వదిలాడు, కరియ ముందరి పిల్ల చెవి వాసన చూసింది, నోరు తెరిచింది, అయ్యో అనుకుంది బయమ్మ, కరియ నాకింది, నాకి ఆమె వంక చూసింది, ఇంతేనా, ఇంతే నాయనా, బావ ఊరుకోడు గదా, కుడిచేతి వేళ్లు నాలుగూ దాని నోట్లో పెట్టాడు, పళ్లకేసి రుద్దాడు, అట్లా రేపడం ఆయనకు బాగా తెలుసు, కరియ వేళ్లు పట్టింది, పట్టి అట్లాగే ఉంచింది, నొక్కలేదు, బావే వెనక్కి తీసుకుని చూసుకున్నాడు, నెత్తురు లేదు, గీత లేదు, ఉమ్మి తప్ప ఏమీ లేదు, దివాకర్ గట్టిగా నవ్వాడు, ఏమప్పా రామప్పా, ఈ కుక్క నీకంటే నెమ్మదిగా ఉండాదే, అన్నాడు, కూలీలు నవ్వారు, బయమ్మకు కూడా నవ్వొచ్చింది, ఆపుకుంది, ఆ నవ్వే కొంప ముంచింది, నలుగురిలో నవ్వించుకోవడం బావకు పడదు, ముఖం నల్లబడింది, కట్టె కొసతో కరియ మూతి మీద పొడిచాడు ఒకసారి, రెండుసార్లు, అది వెనక్కి తగ్గింది, తగ్గి, ఎదురుగా వేలాడుతున్న పంచె అంచు చూసింది, పొద్దుటి కంబళి ఆట అనుకుంది పిచ్చిది, పట్టుకుని గుంజింది, తోక ఊపుతూ, చూసినావా, పట్టింది, చూసినారా అందరూ, అని బావ కట్టె పైకి ఎత్తాడు, మామూలు ఎత్తడం కాదు, తల పగలగొట్టే ఎత్తు, ఆమె కాళ్లు ఎప్పుడు కదిలాయో తెలియదు, చెయ్యి అడ్డం పెట్టింది, కట్టె మోచేతి కింద పడింది.

పాత దారి తెలిసిన నొప్పి, మోచేతి నుంచి భుజానికి, భుజం నుంచి గొంతుకు వచ్చింది, అక్కడ ఎప్పుడూ ఆగే చోట ఆగబోయింది, పళ్లు వాటంతటవే కంబళి అంచు కోసం వెతికాయి, అంచు దొరకలేదు, అది నేల మీద పడి ఉంది, ఇరవై రోజులుగా అరిచి అరిచి గొంతుకు దారి తెలిసిపోయింది గాబోలు, అరుపు వచ్చేసింది, ముందు కుయ్యిమనే వచ్చింది, తర్వాత అది కుక్క అరుపు కాదు, ఆమెదే, చేలు దాటి గుట్టకు తగిలి తిరిగి వచ్చింది, తొట్టిలో మూతులు పెట్టిన ఎనభై గొర్రెలూ తలెత్తాయి, కూలీ చేతిలో బీడీ కింద పడింది, కరియ పంచె వదిలేసింది, అరుపు వినగానే వదిలెయ్యాలని దానికి తెలుసు, వదిలి బిత్తరపోయి నిలబడింది, సరిగ్గా అప్పుడే బావ చేతిలోంచి కట్టె కూడా జారి కింద పడింది, ఇద్దరూ ఒక్కసారే వదిలారు, నొప్పి బావా, అంది ఆమె, నీ కట్టె తగిలితే నొప్పి, ఆ పొద్దు కాలి మీద తగిలినప్పుడు గూడా నొప్పే, నెల దినాలు కుంటినా, రాయి తగిలిందని చెప్పినా, రాయి కాదు, నీ కట్టె, అప్పుడు చెప్పలే, ఇప్పుడు చెప్తాండా, అంది, దివాకర్ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది, ఆడమనిషి మింద చెయ్యేంది రామప్పా, అన్నాడు, బావ ఆయన వైపు తిరిగి, కుక్కను కొట్టబోతే ఆయమ్మ అడ్డం వచ్చింది దివాకరప్పా, నాకేం తెలుసు, అన్నాడు, ఆ మాట ఆమెతో చెప్పలేదు, దివాకర్‌తో చెప్పాడు, కట్టె కోసం వంగబోయాడు, ఈలోగా వీరప్ప వచ్చాడు, మంద ముందు నుంచి ఎప్పుడు వచ్చాడో, వంగి కట్టె తీశాడు, అన్న చెయ్యి చాచాడు, వీరప్ప ఇవ్వలేదు, కట్టె తన చంకలో పెట్టుకుని నిలబడ్డాడు, నేల చూడలేదు ఈసారి, కుక్క యాడికీ పోదు బావా, నేనూ యాడికీ పోను, మాట పెట్టింది నేనే, గెలిచింది నేనే, నీ వేళ్లు నువ్వే చూసుకో, అంది బయమ్మ, బావ గోనెసంచి ఖాళీగానే బండికి కట్టుకుని, రెండుసార్లు తన్నితే గానీ రాజుకోని బండి ఎక్కి పోయాడు, దుమ్ము లేచింది.

తొట్టి గట్టు మీద కూచుని చెయ్యి నీళ్లలో పెట్టింది, చల్లగా ఉంది, వాపు లేస్తోంది, కరియ వచ్చి ఆ చేతి పక్కనే మూతి పెట్టింది, వాపు వాసన చూసింది, నాకింది, ఆమె ముఖం చూసింది, మళ్లీ చెయ్యి చూసింది, అప్పుడు ఆమెకు ఇందాకటి సంగతి కళ్ల ముందు మెల్లగా మళ్లీ జరిగింది, అరుపు విని ఇద్దరూ వదిలినప్పుడు కరియ ఎటు చూసింది, తన చేతి వైపు, ఎక్కడ నొచ్చింది ఎక్కడ నొచ్చింది అన్నట్టు, బావ ఎటు చూశాడు, దివాకర్ వైపు చూశాడు, కూలీల వైపు చూశాడు, తమ్ముడి వైపు చూశాడు, రోడ్డు మీద ఎవరన్నా పోతున్నారా అని అటు కూడా చూశాడు, బయమ్మ చేతి వైపు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు, ఏమైందని చూసేవాడు తెలియనివాడు, ఎవరు విన్నారని చూసేవాడు తెలిసినవాడు, ఇన్ని రోజులూ ఈ పసి కుక్కతో ఆయనను జత కట్టి పాపం తెలియదు అనుకుంది, చేతి బరువు తెలియదు, చెప్పినవాళ్లు లేరు అనుకుంది, సిగ్గేసింది ఆమెకు, కరియ ముందు సిగ్గేసింది, దీనికి తెలియదు గనక నేర్పింది, నేర్పితే తొమ్మిది రోజుల్లో నేర్చుకుంది, ఆయనకు నేర్పవలసింది ఏమీ లేదు, దొడ్డి గుమ్మంలో ఆ సాయంకాలం నుంచీ తెలుసు, కాలి ఎముక మీద ఎంత నొప్పి పుడుతుందో తెలుసు, తను కంబళి కుక్కుకున్నదీ తెలుసు, నొప్పి పుడుతుందని తెలిసే కొట్టాడు, ఈ ఆడది అరవదని తెలిసి కొట్టాడు, ఆ రెండో సంగతి ఈ పొద్దుతో చెల్లిపోయింది.